నాణెంపై తేడా కనిపిస్తే అది టంకశాల తప్పా, బయట తగిలిన దెబ్బా? తరచుగా అడిగే ప్రశ్నలు

చేతికొచ్చిన నాణెం మామూలుగా లేదు. ఒక పక్క తెగి ఉంది, లేదా అక్షరం రెండుగా ఉంది, లేదా రంగు తేడాగా ఉంది. అలాంటి నాణేల్లో ఎక్కువ భాగం టంకశాల దాటాక పాడైనవే. నిజమైనవాటిని పట్టుకోవాలంటే నాణెం ఎలా తయారవుతుందో ముందు తెలియాలి. ఈ తేడా తయారీలో ఏ దశలో, ఏ యంత్రం దగ్గర వచ్చి ఉంటుందో మీరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది దెబ్బే అనుకుని మొదలుపెట్టడం మంచిది.

టంకశాల తప్పు అని దేన్ని అంటారు?

ముందుగా లోహపు రేకును కావలసిన మందానికి సాగదీస్తారు. దానిలోంచి గుండ్రటి బిళ్లలు కత్తిరిస్తారు. వాటిని కొలిమిలో కాచి మెత్తబరుస్తారు. తర్వాత ఒక యంత్రం ప్రతి బిళ్ల చుట్టూ నొక్కి అంచును కొద్దిగా పైకి లేపుతుంది. ఆ బిళ్ల ప్రెస్సులోకి వెళ్తుంది. అక్కడ కింద ఒక డై (బొమ్మ గుంటగా ఉన్న ఉక్కు అచ్చు), పైన ఒక డై, చుట్టూ కాలర్ అనే ఉక్కు వలయం ఉంటాయి. ఒక్క దెబ్బతో బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఏర్పడతాయి.

కాబట్టి తప్పు మూడు చోట్ల పుట్టవచ్చు. బిళ్లలోనే లోపం ఉండవచ్చు. డైలో ఉండవచ్చు. లేదా ముద్ర పడే క్షణంలో ఏదో జరగవచ్చు. ప్రెస్సు నుంచి బయటపడ్డాక జరిగినదేదైనా దెబ్బే. అది టంకశాల ఆవరణలోనే, లెక్కపెట్టే యంత్రంలోనో సంచిలోనో తగిలినా సరే, సేకరణదారుల లెక్కలో తప్పు కింద రాదు.

పరీక్షకు ఏమేం కావాలి? ఏ వరసలో చూడాలి?

10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి చాలు. 40 రెట్లకు మించిన సూక్ష్మదర్శిని కొత్తవాళ్లకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే అందులో ప్రతి గీతా ఒక వింతలాగే కనిపిస్తుంది. 0.01 గ్రాము వరకు చూపే తూకం, 0.01 మిల్లీమీటరు వరకు చూపే డిజిటల్ కాలిపర్, ఒక అయస్కాంతం, కదిలించగల దీపం ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది అదే ఏడాది, అదే రకానికి చెందిన ఒక మామూలు నాణెం. దాన్ని పక్కన పెట్టుకోకుండా ఏదీ తేల్చకండి.

మొదట తూచండి. తర్వాత వ్యాసం, మందం కొలవండి. అయస్కాంతం పెట్టి చూడండి. ఆ తర్వాతే భూతద్దం తీయండి. కంటితో మొదలుపెడితే మనసు ముందే ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది, తూకం దాన్ని సమర్థించే సాక్షిగా మిగిలిపోతుంది. తూకం యంత్రాన్ని తెలిసిన బరువుతో ముందుగా సరిచూసుకోండి. ప్రతి నాణేనికీ అధికారికంగా అనుమతించిన తేడా ఉంటుంది. అమెరికా సెంటు 1982కు ముందు రాగి మిశ్రమంతో 3.11 గ్రాములు ఉండేది, అటూ ఇటూ 0.13 గ్రాము తేడా చెల్లేది. ఆ ఏడాది మధ్యలో రాగి పూత పూసిన జింకుకు మారాక 2.50 గ్రాములకు దిగింది, తేడా 0.10. అంటే 1982 సెంటు 2.5 తూగితే అది పలచటి బిళ్ల కాదు, ఆ ఏడాది వచ్చిన రెండో రకం.

గీతను చూడగానే అది డై పగులా, గీరుడా అని ఎలా తెలుస్తుంది?

డై పగిలితే ఆ పగుల్లోకి లోహం దూరుతుంది. కనుక నాణెంపై ఆ గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. బయట తగిలిన గీరుడు గుంటగా ఉంటుంది. దీపాన్ని పక్కనుంచి, బల్లకు 15-20 డిగ్రీల ఎత్తులో పట్టి, నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. ఉబ్బెత్తు గీతకు వెలుగు ఉన్న వైపే మెరుపు, అవతలి వైపు నీడ. గుంట గీతకు ఇది తిరగబడుతుంది. ఒక్కోసారి కన్ను మోసపోతుంది, కాబట్టి నాణేన్ని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గట్టిగా గీరినప్పుడు లోహం పక్కకు జరిగి గుంట పక్కన చిన్న గట్టులా లేస్తుంది. ఆ గట్టునే చూసి పగులు అనుకునేవాళ్లు చాలామంది. గట్టు పక్కనే గుంట ఉంటే అది గీరుడే. డై పగులు పక్కన మైదానం, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదునైన భాగం, మామూలుగానే ఉంటుంది. పగులు తరచుగా అంచు నుంచి మొదలై, అక్షరాల పాదాలను కలుపుకుంటూ, కాస్త వంకరగా పోతుంది.

డై అంచున ముక్కే ఊడిపోతే నాణెంపై ఆ చోట ఏ బొమ్మా లేని ముద్ద ఏర్పడుతుంది, నాణెం చుట్టూ లేచి ఉండే గట్టు కూడా అందులో కలిసిపోతుంది. సేకరణదారులు దీన్ని కడ్ అంటారు. వెనకవైపు సరిగ్గా అదే చోట బొమ్మ బలహీనంగా ఉండాలి, ఎందుకంటే లోహం ఈ వైపు ఖాళీలోకి పోయి ఆ వైపు నిండడానికి సరిపోలేదు. వెనక బొమ్మ నిండుగా ఉండి ముందు ముద్ద ఉంటే అది అతికించిన సీసమో, కరిగి పడిన లోహమో కావచ్చు.

అక్షరాలు, అంకెలు రెండుగా కనిపిస్తున్నాయి. ఇది విలువైన డబుల్డ్ డై ఏనా?

ఎక్కువమంది ఆశపడేదీ, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. రెండుగా కనిపించడానికి కనీసం నాలుగు కారణాలున్నాయి, వాటిలో ఒక్కటే డబుల్డ్ డై.

డైని తయారుచేసేటప్పుడు హబ్ అనే ఉబ్బెత్తు మూసను దానిలో నొక్కుతారు. పాత పద్ధతిలో ఒకసారి నొక్కి, డైని మళ్లీ కాచి, రెండోసారి నొక్కేవారు. రెండోసారి మూస కాస్త తిరిగిందంటే డైలోనే రెండు బొమ్మలు పడతాయి. 1955 అమెరికా సెంటు బొమ్మ వైపు ఇలాగే జరిగింది. దాని తేదీ, పై నినాదం, లిబర్టీ అనే మాట మామూలు కంటికే రెండుగా కనిపిస్తాయి. ఇలాంటి చోట రెండో అక్షరం మొదటిదానంత గుండ్రంగా, నిండుగా ఉంటుంది. అక్షరం మొత్తం వెడల్పు పెరుగుతుంది. అక్షరపు కొసలు చీలి, మూలల్లో చిన్న గాడి కనిపిస్తుంది.

యంత్రపు కదలిక వల్ల వచ్చేది వేరు. డై తన పీఠంలో వదులుగా ఉంటే ముద్ర పడిన మరుక్షణం అది జారి అప్పుడే ఏర్పడిన అక్షరం పక్కను నెట్టేస్తుంది. అప్పుడు రెండో ఆకారం పలచగా, చదునుగా, మైదానానికి ఆనుకుని మెట్టులా ఉంటుంది, అద్దంలా మెరుస్తుంది. అక్షరం లావెక్కదు, తన లోహంలోనే కొంత ఆ మెట్టుకు ఇచ్చి సన్నబడుతుంది. చదునుగా, తళుకుగా, మెట్టులా అనే ఈ మూడూ కలిసి కనిపిస్తే ఆశ వదులుకోవచ్చు. ఇది లక్షల నాణేల్లో ఉంటుంది, అదనపు విలువ ఉండదు.

మూడోది అరిగిన డై. వేల కొద్దీ నాణేలు కొట్టాక డై ఉపరితలం కోసుకుపోతుంది. అక్షరాలు అంచు వైపు ఉబ్బి మసకగా సాగుతాయి, చుట్టూ మైదానం నారింజ తొక్కలా గరుకుగా కనిపిస్తుంది. 1955లోనే ఇలా అరిగిన డైతో కొట్టిన సెంట్లు ఉన్నాయి, వాటిని అసలు డబుల్డ్ డైగా చెలామణి చేసే ప్రయత్నాలు జరుగుతుంటాయి. నాలుగోది జింకు సెంట్లలో రాగి పూత అక్షరం పక్కన చీలడం. దానివల్ల నల్లటి లేదా బూడిద రంగు గీత అక్షరానికి నీడలా కనిపిస్తుంది.

తేల్చే పరీక్ష ఒకటి ఉంది. డబుల్డ్ డై అంటే డైలోనే లోపం, కాబట్టి ఆ డైతో కొట్టిన ప్రతి నాణెంలోనూ అదే అక్షరం, అదే దిశలో, అంతే దూరం జరిగి ఉండాలి. అదే ఏడాది, అదే టంకశాల నాణెం ఇంకొకటి సరిగ్గా అలాగే దొరికితే మీ వాదన బలపడుతుంది. యంత్రపు కదలిక మాత్రం నాణెం నాణేనికీ కొలత మారుతుంది.

బొమ్మ మొత్తం రెండుసార్లు పడిన నాణెం వేరే సంగతి. ఒకసారి కొట్టిన నాణెం బయటికి పోకుండా ప్రెస్సులో నిలిచి మళ్లీ దెబ్బ తింటే వచ్చేది అది. అందులో రెండు వైపులా కొత్త ముద్ర గుర్తు ఉండాలి, రెండో ముద్ర పడ్డ చోట మొదటి ముద్ర అణిగిపోయి ఉండాలి.

నాణెం అంచున ముక్క తెగి ఉంది. నిజమేనా?

బిళ్లలు కత్తిరించే పంచ్ రేకు మీద ముందుకు సరిగ్గా జరగకపోతే, అప్పటికే బిళ్ల పోయిన రంధ్రం మీద మళ్లీ పడుతుంది. అప్పుడు చంద్రవంకలా లోపలికి వంపు తిరిగిన కోత వస్తుంది. రేకు చివర పడితే కోత నేరుగా వస్తుంది, చివర చిరిగి ఉంటే గరుకుగా వస్తుంది. ఏదైనా ముద్ర పడకముందే జరుగుతుంది. నిజానిజాలు తేల్చేది ఈ వరసే.

మొదటి సాక్ష్యం కోతకు సరిగ్గా ఎదురుగా, నాణెం అవతలి అంచున ఉంటుంది. అక్కడ గట్టు పలచబడి, కొన్నిసార్లు పూర్తిగా మాయమై ఉంటుంది. దీన్ని బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. అంచును లేపే యంత్రం బిళ్లను రెండు వైపుల నుంచి నొక్కుతుంది. ఒక వైపు ముక్కే లేకపోతే ఎదుటి వైపు ఒత్తిడి పడదు, గట్టు లేవదు. ఇంట్లో ఆకురాయితో ముక్క కోసినవాళ్లు ఈ బలహీనతను సృష్టించలేరు. అయితే ఇది కనిపించకపోవడం ఒక్కటే నకిలీకి రుజువు కాదు. కోత మరీ చిన్నదైతే తెలియకపోవచ్చు.

రెండోది కోత దగ్గర అక్షరాలు. కోత పక్కన లోహాన్ని అడ్డుకునే కాలర్ దూరంగా ఉంటుంది కనుక దెబ్బ పడ్డప్పుడు లోహం ఆ ఖాళీలోకి జారుతుంది. అక్షరాలు కోత వైపు సాగి, మెల్లగా మసకబారి ముగుస్తాయి. నకిలీలో అక్షరం నిండుగా వచ్చి, కోత దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతుంది.

మూడోది కోత గోడ. ఆకురాయి పెట్టిన చోట సమాంతర గీతలు, కట్టర్ పెట్టిన చోట నలిగిన అంచు కనిపిస్తాయి. నాలుగోది బరువు. కోత నాణెం వైశాల్యంలో పదో వంతు ఉందనుకుంటే బరువూ సుమారు పదో వంతు తగ్గాలి. ఈ లెక్క నకిలీకీ కుదురుతుంది కనుక తూకాన్ని ఇక్కడ తోడు సాక్ష్యంగానే వాడండి.

తేదీ గానీ ఒక అక్షరం గానీ కనిపించడం లేదు. అరిగిందా, టంకశాలలోనే పడలేదా?

డై గాడిలో గ్రీజు, లోహపు పొడి గట్టిగా పేరుకుంటే ఆ అక్షరం నిండదు. అలా జరిగిన చోట ఉపరితలం చుట్టూ ఉన్న మైదానంలాగే ఉంటుంది, అక్షరపు అంచు క్రమంగా మాయమవుతుంది, టంకశాల మెరుపు ఆ చోటా కొనసాగుతుంది. గీకి తీసేసిన చోట మెరుపు తెగిపోతుంది, సన్నటి గీతలు ఒకే దిశలో ఉంటాయి, మైదానం కాస్త లోతుకు దిగుతుంది. అరుగుదల అయితే నాణెంలో ఎత్తైన భాగాలు ముందు అరగాలి. ముఖం మీద చెంప, జుట్టు నిండుగా ఉండి ఒక్క తేదీ మాత్రమే అరిగిందంటే ఎవరో చేయి పెట్టారని అర్థం.

రెండు ప్రసిద్ధ ఉదాహరణలు ఈ తేడాను బాగా నేర్పుతాయి. 1922లో అమెరికా సెంట్లను డెన్వర్ టంకశాల ఒక్కటే కొట్టింది. కనుక డి అనే డెన్వర్ గుర్తు లేని 1922 సెంటు డై లోపం వల్లే వచ్చింది. దీనికి ఉన్న గిరాకీ చూసి మామూలు నాణెంపై డి గీకి అమ్మేవాళ్లూ ఉన్నారు. రెండోది 1937-డి బఫెలో నికెల్, అంటే అడవిదున్న బొమ్మ ఉన్న 5 సెంట్ల నాణెం. డైని అతిగా సానపెట్టడంతో ఆ దున్నకు మూడు కాళ్లే మిగిలాయి. నాలుగో కాలు గీకేసిన నకిలీలు చాలా ఉన్నాయి. అసలుదానిలో పొట్ట కింద నుంచి నేల వరకు ఉబ్బెత్తు చుక్కలు వరసగా ఉంటాయి, వెనక కాలు కొరికినట్టు సన్నబడి ఉంటుంది. ఒక కాలు తీసేసిన మామూలు నాణెంలో ఈ రెండూ ఉండవు. ఒక అరుదైన తప్పు గురించి చదివేటప్పుడు లేని భాగం కన్నా ఇలాంటి పక్క గుర్తులనే జ్ఞాపకం పెట్టుకోండి. నకిలీ చేసేవాళ్లు ఉన్నదాన్ని తీసేయగలరు గానీ, ఉబ్బెత్తుగా కొత్తదాన్ని తేవడం వాళ్లకు చాలా కష్టం.

బొమ్మ పక్కకు జరిగి పడింది, లేదా నాణెం మామూలుకన్నా వెడల్పుగా ఉంది. ఎలా చూడాలి?

బిళ్ల డైల మధ్య సరిగ్గా కూర్చోకపోతే ముద్ర పక్కకు పడుతుంది. మిగతా భాగం ఖాళీగా, నునుపుగా ఉంటుంది, ఆ ఖాళీ వైపు బిళ్లకు ముందే లేపిన గట్టు అలాగే కనిపిస్తుంది. రెండు వైపులా ఒకే భాగం ఖాళీగా ఉండాలి. ఒక వైపు మాత్రమే ఖాళీగా ఉంటే సాన పెట్టారని అనుమానించండి.

కాలర్ పైకి రాకుండా దెబ్బ పడితే నాణెం పలచగా, వెడల్పుగా పరుచుకుంటుంది. అంచున ఉండాల్సిన గాళ్లు (నిలువు గీతలు) ఉండవు. బరువు మాత్రం మామూలే. దీన్ని అనుకరించడానికి నాణేన్ని రెండు తోలు ముక్కల మధ్య పెట్టి సుత్తితో కొడతారు. అలా చేసిన నాణెంలో అక్షరాలు కూడా సాగి, మొద్దుబారి, గుండ్రబడతాయి. అసలుదానిలో మధ్య భాగపు వివరాలు పదునుగా ఉండి, అంచు దగ్గర మాత్రమే లోహం బయటికి పరుచుకుంటుంది.

అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. ఇదేమిటి?

మూడు అవకాశాలున్నాయి. కొట్టిన నాణెం డైకి అంటుకుపోయి, తర్వాతి బిళ్ల దాని మీద పడితే ఆ బిళ్లకు ఒక వైపు అదే బొమ్మ గుంటగా, తిరగబడి పడుతుంది. ఇది బ్రాకేజ్, నిజమైన తప్పు. అందులో ఆ వైపు మొత్తం శుభ్రమైన తిరుగు బొమ్మే ఉంటుంది, ఆ చోట వేరే ముద్ర ఉండదు.

బిళ్ల లేకుండా రెండు డైలు ఢీకొంటే ఒకదాని రేఖలు మరొకదానిలో పడతాయి. అప్పుడు నాణెం మైదానంలో, ముఖం చుట్టూ, వెనక వైపు బొమ్మ రేఖలు సన్నగా కనిపిస్తాయి. వెనక బొమ్మను ఫోటో తీసి, అడ్డంగా తిప్పి, ముందు బొమ్మ ఫోటో మీద పారదర్శకంగా పెట్టి చూడండి. రేఖలు అచ్చంగా కలిస్తే డైలు ఢీకొన్నట్టే.

మూడోది వైస్‌లో, అంటే వస్తువును బిగించి పట్టే ఇనుప పనిముట్టులో, రెండు నాణేలను పెట్టి బిగించడం. ఇది చాలా సాధారణం. ఇందులో తిరుగు అక్షరాలు అసలు బొమ్మను నలిపేస్తూ, ఎక్కడ పడితే అక్కడ, గుంటగా ఉంటాయి. నొక్కుడు పడ్డ చోటికి వెనక వైపు బొమ్మ చదునై ఉంటుంది. ఎత్తైన భాగాలే ఒకదానికొకటి తగులుతాయి కనుక ముద్ర అక్కడక్కడ మాత్రమే ఉంటుంది.

రంగు పూర్తిగా వేరుగా ఉంది. వేరే లోహపు బిళ్ల మీద పడిందా?

రంగును నమ్మకండి. మట్టి, నిప్పు, రసాయనం, పూత ఏదైనా రంగు మారుస్తుంది. బరువు, అయస్కాంతం, సాంద్రత ఈ మూడే నమ్మదగినవి.

1943లో అమెరికా సెంట్లను జింకు పూత ఉన్న ఉక్కుతో, సుమారు 2.7 గ్రాముల బరువుతో కొట్టారు. ఆ ఏడాది రాగి బిళ్ల మీద పడినవి కొన్నే ఉన్నాయి, అవి 3.11 గ్రాములు తూగుతాయి, అయస్కాంతానికి అంటవు. రాగి పూత పూసిన ఉక్కు సెంటు అంటుతుంది. అంటని నకిలీ మరో రకం ఉంది. 1948 రాగి సెంటులో 8 అంకె ఎడమ సగం గీకి 3 చేస్తారు. అసలు 1943లోని 3 అంకె తోక మిగతా అంకెల పాదాల కన్నా బాగా కిందికి దిగుతుంది. 8 నుంచి చేసిన 3 అలా దిగదు.

రాగి గుండె మీద రాగి-నికెల్ పొరలు ఉన్న నాణేలలో ఒక పొర లేకుండా పడినవీ ఉన్నాయి. అమెరికా క్వార్టర్ (25 సెంట్ల నాణెం) 5.67 గ్రాములు. ఒక్కో పొర మందంలో ఆరో వంతు కనుక ఒక పొర లేకపోతే సుమారు 4.7 గ్రాములు తూగాలి. ఎర్రగా ఉండి 5.6 తూగితే అది రంగు మారిన మామూలు నాణెం.

సాంద్రత కొలవడం సులువే. తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గిన్నె అడుగుకూ పక్కలకూ తగలకుండా నీటిలో పూర్తిగా ముంచండి. గాలి బుడగలు అంటుకోకుండా చూడండి. అప్పుడు కనిపించే అంకెతో నాణెం పొడి బరువును భాగించండి. రాగి 8.96, జింకు 7.14, ఇనుము 7.87, వెండి 10.49, అల్యూమినియం 2.70 వస్తాయి. చిన్న నాణేనికి నీటిలో అంకె 0.35 గ్రాము దాకానే వస్తుంది. అందులో 0.01 పొరపాటు అంటే దాదాపు 3 శాతం తేడా. అందుకే చిన్న నాణేలకు 0.001 గ్రాము చూపే తూకం కావాలి.

చాలా పలచగా, తేలికగా ఉంది. పలచటి బిళ్లేనా?

ఆమ్లంలో నానబెట్టిన నాణేలు ఈ పేరుతో విరివిగా తిరుగుతుంటాయి. ఆమ్లం అన్ని వైపుల నుంచీ సమానంగా తింటుంది. కాబట్టి మందంతో పాటు వ్యాసమూ తగ్గుతుంది, అంచు గాళ్లు కరుగుతాయి, అక్షరాలు సన్నబడి ఉపరితలం గరుకుగా మారుతుంది. పలచటి రేకు నుంచి వచ్చిన నిజమైన నాణెంలో వ్యాసం సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే దాన్ని కాలర్ నిర్ణయిస్తుంది. బొమ్మ నిండదు గానీ ఉన్నంత మేర పదునుగా ఉంటుంది. కాలిపర్ ఒక్కటే చాలు ఈ ప్రశ్న తేల్చడానికి.

మిశ్రమంలో మలినం చేరితే పొర పైకి లేచి ఊడుతుంది. ఊడిన చోట లోహపు పోగులు రేకు సాగిన దిశలో సమాంతరంగా కనిపిస్తాయి. నిలువునా రెండుగా చీలిన నాణెంలో ఒక వైపు బొమ్మ, ఇంకో వైపు ఈ పోగులు ఉంటాయి, బరువు సగం దాకా పడిపోతుంది.

రెండు వైపులా బొమ్మే ఉంది!

ఇంద్రజాలికుల కోసం చేసిన నాణెం అయ్యుంటుంది. ఒక నాణేన్ని లేత్ మీద గిన్నెలా తొలిచి, ఇంకో నాణేన్ని సన్నగా చేసి అందులో బిగిస్తారు. గట్టు లోపలి అంచు వెంట భూతద్దంతో తిరగండి, సన్నటి అతుకు గీత పూర్తి చుట్టుగా కనిపిస్తుంది. బరువూ తేడాగా ఉంటుంది.

సరిపోలని రెండు డైలతో కొట్టిన నాణేలు నిజంగానే ఉన్నాయి. 2000లో వాషింగ్టన్ క్వార్టర్ ముందు డై, సకాజవియా డాలర్ వెనక డై కలిసి పడిన నాణేలు బయటపడ్డాయి, అవి డాలర్ బిళ్ల మీదే ఉన్నాయి కనుక 8.1 గ్రాములు తూగుతాయి. బ్రిటన్‌లో 2008లో 20 పెన్నీ నాణేనికి తేదీ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మారింది. పాత ముందు డై, కొత్త వెనక డై కలిసి అసలు తేదీయే లేని నాణేలు వచ్చాయి. అలాంటి నాణెం దొరికితే కొత్త డిజైన్‌లో తేదీ ఉండాల్సిన చోట గీకిన గుర్తులు ఉన్నాయేమో ముందు చూడండి.

రెండు లోహాల నాణెంలో మధ్య బిళ్ల లేదు, లేదా పక్కకు జరిగింది.

వలయం, మధ్య బిళ్ల రెండూ ఒకే దెబ్బకు కలుస్తాయి. మధ్య బిళ్ల లేకుండానే ముద్ర పడితే వలయపు లోహం లోపలి రంధ్రంలోకి కొద్దిగా జారి, లోపలి అంచు గుండ్రబడుతుంది. ముద్ర పడ్డాక తట్టి ఊడదీసిన వలయంలో లోపలి గోడ నిటారుగా, బిళ్ల పట్టుకున్న గాడితో సహా ఉంటుంది, వలయం మీదకు వచ్చిన బొమ్మ గీతలు హఠాత్తుగా తెగుతాయి. బిళ్లను ఊడదీసి తిప్పి బిగించిన నకిలీలూ ఉన్నాయి. వలయానికీ బిళ్లకూ మధ్య గీత చుట్టూ నలిగిన లోహం, చిన్న సందు చూడండి. మధ్య బిళ్ల పక్కకు జరిగిన నాణెంలో మాత్రం బొమ్మ రెండు లోహాల మీదుగా తెగకుండా సాగాలి.

గట్టు బాగా మందంగా, లోపలికి చుట్టుకుని ఉంది.

బట్టలారబెట్టే యంత్రం డ్రమ్ములో నెలల తరబడి దొర్లిన నాణెం ఇలా అవుతుంది. వ్యాసం తగ్గుతుంది, అంచు గాళ్లు పోతాయి, గట్టు అక్షరాల పైకి వాలుతుంది. ఏ ప్రెస్సులోనూ ఇది జరగదు. అలాగే బొమ్మ మీద గుండ్రటి గాడి ఉంటే నాణేల చుట్ట కట్టే యంత్రం చేసిన దెబ్బ అది. ఈ రెండింటి గురించి ఇంతకన్నా ఆలోచించాల్సింది లేదు.

పూత కింద పొక్కులు లేచాయి.

రాగి పూత పూసిన జింకు నాణేల్లో పూతకూ జింకుకూ మధ్య చిక్కిన వాయువు పొక్కులా ఉబ్బుతుంది. ఇది టంకశాలలో వచ్చినదే అయినా అతి సాధారణం. పొక్కు మెత్తగా ఉంటుంది, సూది మొనతో తాకితే అణుగుతుంది (విలువైన నాణెం మీద ఇది చేయకండి). నిప్పులో పడ్డ నాణెంలో పొక్కులు పెద్దగా, ఎక్కువగా, రంగు మారి ఉంటాయి. పూత చిరిగి లోపలి జింకు తెల్లటి పొడిగా మారితే అది తుప్పు, దాన్ని ఆపడం సాధ్యం కాదు.

బొమ్మకూ బొరుసుకూ దిశ కలవడం లేదు. ఎంత తిరిగితే తప్పు అవుతుంది?

ముందు ఆ దేశపు పద్ధతి తెలుసుకోండి. అమెరికా నాణేన్ని పైనుంచి కిందికి తిప్పితే వెనక బొమ్మ నిటారుగా ఉంటుంది. భారత, యూరో నాణేలను పక్కకు తిప్పాలి. పద్ధతి తెలియక మామూలు నాణేన్నే 180 డిగ్రీలు తిరిగినదని పొరబడేవాళ్లు ఎక్కువ. కోణం కొలవడానికి నాణేన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ చట్రంలో నిటారుగా పెట్టి, తిప్పి, వెనక వైపు మీద కోణమానిని ఉంచండి. కొద్ది డిగ్రీల తేడా వదులు డైలతో ఎప్పుడూ వస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 15 డిగ్రీలు దాటితే ఆసక్తి మొదలవుతుంది, 90, 180 కోరుకునేవి. ఈ తప్పును ఇంట్లో అనుకరించడం దాదాపు అసాధ్యం, అందుకే కొత్తవాళ్లు నమ్మకంగా వెతకదగిన రకం ఇది.

పరీక్షించే ముందు శుభ్రం చేయవచ్చా?

వద్దు. రుద్దితే ఉపరితలం మీద సన్నటి గీతలు పడి, నిజమైన తప్పు కూడా గీకినట్టు కనిపిస్తుంది. పైగా మెరుపు తెగిందా లేదా అన్నదే ముఖ్య సాక్ష్యం, దాన్ని మీరే చెరిపేసినట్టు అవుతుంది. జిగురు, ప్లాస్టిక్ జిడ్డు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో గాజు గిన్నెలో కొన్ని నిమిషాలు ముంచి, రుద్దకుండా గాలికి ఆరనివ్వవచ్చు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. గోళ్ల రంగు తుడిచే ద్రావణం వాడకండి, అందులో సువాసనలు, నూనెలు కలిపి ఉంటాయి.

ధ్రువీకరణకు ఎప్పుడు పంపాలి?

పీసీజీఎస్, ఎన్‌జీసీ, ఏఎన్ఏసీఎస్ వంటి సంస్థలు రుసుము తీసుకుని తప్పు నాణేలను పరీక్షించి, పేరు రాసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. రుసుము, పోస్టు, బీమా కలిపితే నాణెం విలువను మించిపోవచ్చు. చిన్న డై పగులు, చిన్న కోత, కొద్దిగా పక్కకు జరిగిన ముద్ర నిజమైనవే, కానీ వీటికి ఖర్చు పెట్టడం దండగ. తేదీ పూర్తిగా కనిపిస్తూ సగం దాకా పక్కకు పడిన ముద్ర, వేరే లోహపు బిళ్ల, పూర్తి బ్రాకేజ్, రెండు వేరు డైలు లాంటివి పంపదగినవి. పంపే ముందు బరువు, వ్యాసం, అయస్కాంత పరీక్ష ఫలితం రాసిపెట్టుకోండి. రెండు వైపుల ఫోటోలు, అంచు ఫోటో తీసి ఉంచుకోండి.

దూరంగా ఉన్న నిపుణుడికి ఫోటో చూపించాలంటే?

నాణెం నిండుగా, నేరుగా పైనుంచి తీసిన ఫోటో ఒకటి, పక్క వెలుగుతో తేడా ఉన్న చోటు దగ్గరగా ఒకటి, వెనక వైపు అదే చోటు ఒకటి, అంచు ఒకటి. నాలుగూ కావాలి. చాలామంది మూడోది పంపరు. అది లేకుండా కడ్ గానీ వైస్ నొక్కుడు గానీ తేలదు. ఫ్లాష్ వాడకండి, అది ఉబ్బెత్తునీ గుంటనూ ఒకేలా చూపుతుంది. పక్కన మామూలు నాణెం కూడా పెట్టి తీయండి. బరువును 0.01 గ్రాము వరకు అంకెల్లోనే రాయండి. "కాస్త తేలికగా ఉంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.